మిల్లు ఫోటోలో ఆగిన మాట

దయ్యాలు, గాలి సోకడాలు, తాయెత్తులు నా దగ్గర చెల్లవు. హాస్టల్లో ఉన్నప్పుడు తోటి పిల్లలు చీకటి పడితే గుంపుగా తప్ప గది దాటేవాళ్ళు కాదు. నేను ఒక్కదాన్నే పోయి వచ్చి, వాళ్ళని ఏడిపించేదాన్ని. పైగా చరిత్ర పాఠం చెప్పి బతికినదాన్ని. ఎవరేం చెప్పినా "ఆధారం ఏదీ?" అని అడగడమే నా ఉద్యోగం. అలాంటి నా దగ్గర ఇప్పుడు రాయబోయేదానికి ఆధారం సగమే ఉంది. మిగతా సగం నమ్మకపోతే నాకేం కోపం లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

మాది మధురై. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. నన్ను పెంచింది మా పెద్దమ్మ. అమ్మ పేరు రంగనాయకి. కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో పనిచేసేది. నేను చేతిబిడ్డగా ఉన్నప్పుడే పోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. అమ్మ ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. ఆమె ఎలా ఉండేదో నాకు తెలియదు.

పెద్దమ్మ తిండికీ బట్టకీ ఏ లోటూ చేయలేదు. కానీ చెల్లెలి మీద ఆమెకి చచ్చేంత కోపం. పచ్చి బాలింత, బిడ్డని ఎవరింట్లోనో పడేసి మిల్లుకి పోవడం ఏమిటని. మధురైలో మా వీధికి కూడా మిల్లు సంగు వినపడేది. సైరన్‌ని అక్కడ సంగు అనే అంటారు. అది కూసినప్పుడల్లా పెద్దమ్మ, చేస్తున్న పని ఆపకుండానే, ఒకే మాట అనేది.

"సంగు ఊదితే మీయమ్మకి కన్నబిడ్డ కూడా గ్యాపకం రాదు."

రోజూ విన్న మాట కదా, నాకు అదే నిజమైపోయింది. అమ్మ చచ్చిపోయిందని కాదు, నన్ను వదిలేసి పోయిందనే అనుకుంటూ పెరిగాను. ఒంట్లో బాగాలేనప్పుడు, పండక్కి కొత్త పావడా కట్టుకున్నప్పుడు, సంగు వినపడితే చెవులు మూసుకునేదాన్ని.

చదువయ్యాక ఉద్యోగం కోయంబత్తూరులోనే, ఒక ఆడపిల్లల కాలేజీలో వచ్చింది. మేడ మీద ఒంటి గది అద్దెకి తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళ లోకం వాళ్ళది. ఆదివారం వచ్చిందంటే పాలవాడితో చెప్పే మాట తప్ప రోజంతా నోరు తెరిచే పని ఉండేది కాదు. తెలుగు మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో కూడా మర్చిపోయే స్థితి. ఒక్కోసారి వంట చేస్తూ నాతో నేనే తెలుగులో మాట్లాడుకుని, నాకే సిగ్గేసి ఊరుకునేదాన్ని.

అప్పుడు విశ్వవిద్యాలయం నుంచి ఒక పథకం వచ్చింది. సాహిత్యం, చరిత్ర, బొమ్మలు, నాటకం నేర్పేవాళ్ళు కాలేజీ గోడ దాటి బయటికి రావాలి, చుట్టుపక్కల జనంతో కలిసి ఏదైనా చేయాలి అని. ఒకరు వీధి నాటకం అన్నారు, ఒకరు గుడి శాసనాలు అన్నారు. నేను మిల్లు లైను అన్నాను. అంటే మిల్లు కార్మికులు ఉండే వరస ఇళ్ళు. ఇంటింటికీ తిరిగి పాటలు, జ్ఞాపకాలు, పాత ఫోటోలు సేకరించి, లైనులోని పఠన మందిరంలోనే ప్రదర్శన పెట్టాలని. ప్రజల చరిత్ర, ప్రజల కళ అంటూ కాగితం మీద ఘనంగా రాశాను. నా మనసులో ఉన్నది ఒక్కటే. అది అమ్మ పనిచేసిన మిల్లు. ఎక్కడైనా ఆమె మొహం దొరుకుతుందేమోనని.

మొదట్లో లైనులో మమ్మల్ని ఎవరూ గడప తొక్కనివ్వలేదు. కుటుంబ నియంత్రణ వాళ్ళమనుకుని ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. తిరగగా తిరగగా మంచినీళ్ళు, ఆ తర్వాత కాఫీ ఇచ్చారు. చివరికి ఒక రిటైరైన మిల్లు మేస్త్రి ఇంట్లో, క్యాలెండరు వెనకాల, మిల్లు గేటు ముందు తీసిన పాత గ్రూపు ఫోటో బయటపడింది. దిగే షిఫ్టు, ఎక్కే షిఫ్టు ఆడవాళ్ళందరినీ కలిపి నిలబెట్టి తీసింది.

మా డ్రాయింగ్ మాస్టారు పళనిసామి దాన్ని మళ్ళీ ఫోటో తీసి, తలుపంత చేసి పఠన మందిరం గోడకి తగిలించాడు. ఆయన తమిళుడు, తెలుగు ముక్క రాదు. ఇది గుర్తు పెట్టుకోండి. మొహాలన్నీ బాగానే వచ్చాయి. రెండో వరసలో ఒకామెకి మాత్రం, ఎవరో బొటనవేలితో రుద్దినట్టు, నోరు అలికేసి ఉంది.

ప్రదర్శన తెరిచిన పొద్దున నాగమ్మ అవ్వ వచ్చింది. ఆ మిల్లులోనే జీవితమంతా దారం తీసి, ఆ మోతకి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. ఫోటో దగ్గరికి పోయి, ఆ నోరు లేని మొహం మీద వేలు పెట్టి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అంది.

"ఇది రంగనాయకి."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలా ఉంది నా పని. ఇన్నేళ్ళకి అమ్మ దొరికింది, అదీ నోరు లేకుండా.

అవ్వకి ఏం చెప్పినా పెదవుల కదలిక చూసే తెలుసుకునేది. ఆ విద్య మిల్లుదే. యంత్రాలు నడిచేచోట అరిచినా పక్కమనిషికి వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళు గొంతు మానేసి వట్టి పెదవులతో మాట్లాడుకునేవాళ్ళు. అదీ తెలుగులో, తమిళ మేస్త్రికి అర్థం కాకుండా! రేడియో కంటే ఎక్కువ కబుర్లు నడిచేవట. ఆ తోటివాళ్ళంతా పోయారు. అవ్వ కొడుకు ఇంట్లో కోడలూ మనవలూ తమిళమే మాట్లాడతారు, ఆ పెదవులు ఆమెకి అందవు. ఇంటి నిండా మనుషులుండీ ఆమెతో మాట్లాడే దిక్కు లేదు.

నేను పెదవులు నిదానంగా కదిపి, రంగనాయకి కూతుర్ని నేనే అని చెప్పాను. ఆ మాట కోయంబత్తూరులో ఎవరికీ చెప్పడం అదే మొదటిసారి. అవ్వ నా గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది.

వాళ్ళిద్దరివీ ఎదురెదురు షిఫ్టులు. అమ్మ పనిలోకి పోతే నేను అవ్వ ఇంట్లో చీర ఉయ్యాలలో. అవ్వ పనిలోకి పోతే ఆమె పిల్లలు అమ్మ దగ్గర. మధ్యలో వాళ్ళిద్దరూ గేటు దగ్గర ఎదురుపడి, ఆ తోపులాటలో, బిడ్డ పాలు తాగిందా పడుకుందా అని పెదవులతోనే అప్పగింతలు పెట్టుకునేవాళ్ళు. ఆ రోజు గేటు దగ్గర ఫోటోకి నిలబెట్టారు. ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు అన్నాడట ఫోటో ఆయన.

"గొంతు రాకుంటే మాకది మాట్లాడినట్టా, కన్నూ? అందుకే అది దాని పాటికి పెదవితో ఏమో చెప్పింది. నాతోనే. నేను తల తిప్పితే తిడతారని ముందుకే చూస్తా ఉంటిని."

ఆ కదిలిన పెదవులే ఫోటోలో అలికినట్టు పడ్డాయి. అంతలో సంగు ఊదింది. ఎక్కే షిఫ్టుని లోపలికి తోలారు. ఆ సాయంత్రం అమ్మ మిల్లులో కళ్ళు తిరిగి పడిపోయింది. జ్వరం దాచుకుని పనికి వచ్చిందట. ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. ఆ చివరి మాటేమిటో అవ్వకి తెలియనే లేదు. పెద్దమ్మ మధురై నుంచి వచ్చి నన్ను తీసుకుపోయింది.

ఆ రోజు మొదలు అవ్వ రోజూ వచ్చి ఫోటోకి ఎదురుగా కూర్చునేది. అమ్మ చెప్తోందనీ, ఇంకా పూర్తి కాలేదనీ, కొంచెం కొంచెంగా వస్తోందనీ అనేది. నేను తలూపేదాన్ని. ఒంటరితనం ముదిరితే గోడలు కూడా మాట్లాడతాయి, నాకు తెలియదా అనుకునేదాన్ని. ఏం చెప్తోందని అడిగితే మాత్రం చెప్పదు. నువ్వే చూడు అంటుంది.

అలా నాకు పెదవి మాట నేర్పడం మొదలుపెట్టింది. నేను గొంతు కలిపితే నవ్వేది. కాలేజీ అవగానే పరుగెత్తుకుంటూ పోయేదాన్ని. చప్పుడు లేకుండా ఇద్దరం తెలుగులో వంటల గురించీ, ఆమె కోడలి గురించీ మాట్లాడుకునేవాళ్ళం. నా జీవితంలో అంత మాట్లాడింది అప్పుడే. ప్రదర్శన ఎత్తేస్తే మళ్ళీ నా గది, నా ఆదివారం అని దిగులుగా ఉండేది.

ఎత్తేసే రోజు మధ్యాహ్నం. జనం భోజనాలకి పోయారు. కిటికీల్లోంచి ఎండ బాగా పడుతోంది. పళనిసామి మాస్టారు అవతలి గోడ దగ్గర బొమ్మలు దించుతున్నాడు. అవ్వా నేనూ బెంచీ మీద ఉన్నాం. మిల్లు సంగు ఊదింది.

నేను ఫోటోనే చూస్తున్నాను. ఆ అలికిన చోట కదిలింది. కళ్ళు కదలలేదు, తల కదలలేదు, పక్కన ఉన్న ఏ మొహమూ కదలలేదు. నోరు మాత్రమే. కళ్ళు అలిసిపోయాయేమోనని గట్టిగా మూసి తెరిచాను. ఇంకా కదులుతోంది. తొందరలో ఉన్న మనిషి మాట్లాడినట్టు. నేను అక్షరాలు కూడబలుక్కున్నట్టు చదివాను.

ఏడిస్తే ఎత్తుకో. అమ్మ వచ్చేస్తానన్నాదని చెప్పు.

సంగు ఆగింది. పెదవులు మూతపడ్డాయి.

అయినా నాలో చరిత్ర పంతులమ్మ చావలేదు. నేను చూసింది బయటపెట్టకుండా అవ్వ వైపు తిరిగి, ఏం చెప్పింది అని పెదవులతో అడిగాను. ఆమె నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, పసిబిడ్డకి చెప్పినట్టు, గొంతు లేకుండా చెప్పింది.

"ఏడవొద్దు. మీయమ్మ వచ్చేస్తానన్నాది."

తర్వాత పైకే, ఎప్పటిలా గట్టిగా, "అప్పుడే చెప్పాల్సింది నీకు. చూడకుంటిని" అంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. వద్దన్నా ఏడ్చాను. పళనిసామి మాస్టారు చేతిలో బొమ్మ పట్టుకుని అలాగే నిలబడిపోయాడట.

ఇక ఆధారం సంగతి. మా తెలుగు ఒక్క ముక్కా అర్థం కాని పళనిసామి మాస్టారు ఫోటో దించడానికి వచ్చి ఆగిపోయాడు. దీని మీద బ్రష్ పెట్టింది ఎవరని తమిళంలో చిరాకు పడ్డాడు. అలికిన నోరు ఇప్పుడు స్పష్టంగా ఉంది. మూసిన పెదవులు, కింది పెదవి కింద చిన్న పుట్టుమచ్చ. భూతద్దం పెట్టి వెతికినా రంగు గానీ గీత గానీ దొరకలేదు. నెగటివ్ తీసి చూశాడు, అందులో అలికేసే ఉంది. పంతం కొద్దీ ఇంకో ప్రింటు వేశాడు, అదీ అలికేసే వచ్చింది. మేస్త్రి ఇంట్లో అసలు ఫోటో కూడా అంతే. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు ఆయన. రిటైరయ్యాక కూడా ఎక్కడ కనపడినా, ఆ రోజు మీరేం చేశారు టీచర్ అని అడిగేవాడు.

మాట వరకూ అయితే నేనే సమాధానం చెప్పుకోగలను. అవ్వ మాటల్లో ఎప్పుడో విన్నది నా మనసే అల్లుకుందని, ఆమె నా మొహం చూసి గ్రహించిందని. మరి ఆ పెదవులు ఎలా మూతపడ్డాయి?

అవ్వ మళ్ళీ ఆ ఫోటో ఊసెత్తలేదు, తన పని అయిపోయినట్టు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంటికి పోయి వస్తుండేదాన్ని. సెలవులకి మధురై పోయినప్పుడు పెద్దమ్మకి అంతా చెప్పాను. ఆ సాయంత్రం సంగు కూసింది. చేతిలో బియ్యం చేట అలాగే పట్టుకుని వింది. ఆ పాత మాట అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

పెద్దమ్మా లేదిప్పుడు. మిల్లు మూతపడింది, లైను ఇళ్ళు కూలగొట్టారు. ఫోటో నా గదిలో ఉంది. నాకూ కింది పెదవి కింద అక్కడే పుట్టుమచ్చ. ఒకప్పుడు మధ్యాహ్నం సంగు ఊదిన వేళకి దాని ముందు నిలబడి, గొంతు లేకుండా, ఏడవడం లేదమ్మా అని చెప్తాను. ఆ నోరు మళ్ళీ తెరుచుకోలేదు.