మాస్టారి కార్బ్యురేటర్

మొన్న సోమవారం ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. వేరే రాష్ట్రంలో, షాంటిలీలో ఉంటున్న మాస్టారి అమ్మాయి. "అంకుల్, డాడీ పోయారు. నిన్న, నిద్రలోనే. పక్కింటావిడ చూసి కాల్ చేసింది," అంది. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ చెప్పింది. నేను "అయ్యో" అన్నాను. మా ఇంటినుంచి ఆయన ఇంటికి ఆరు నిమిషాల డ్రైవ్. ఆయన్ని చూసి ఎనిమిది నెలలైంది.

మాస్టారంటే బళ్ళో పాఠం చెప్పిన మాస్టారు కాదు. నేను డెబ్భై ఎనిమిదిలో ఈ ఊరు, ఫార్మింగ్టన్ హిల్స్, వచ్చి ఉద్యోగంలో చేరేనాటికి, మా కార్ల కంపెనీలో కార్బ్యురేటర్ల విభాగంలో పెద్దాయన. కుర్రాళ్ళకి పని నేర్పేవారు గనక అందరికీ మాస్టారు. ఇంజన్‌లోకి గాలి ఎంత, పెట్రోలు ఎంత వెళ్ళాలో చూసుకునేది కార్బ్యురేటర్. ఇకమీదట ఆ పని ఫ్యూయల్ ఇంజెక్షన్ చేస్తుంది, దాన్ని కంప్యూటర్ నడుపుతుంది అని పైవాళ్ళు తేల్చేశారు. ఆ కంప్యూటర్‌కి ప్రోగ్రాం రాయడానికి నన్ను తీసుకున్నారు. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి, ఇంజన్ అంటే నాకు కాగితం మీద బొమ్మ, అంతే. మొత్తానికి ఆయన విభాగాన్ని మూయించే పని నాది. ఆ సంగతి తెలిసే, చేరిన వారానికే నన్ను భోజనానికి పిలిచారు.

"ఏమోయ్, నా పొట్ట కొట్టడానికి వచ్చింది నువ్వేనా? రా రా, ముందు అన్నం తిను," అన్నారు గుమ్మంలోనే.

ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. నాలుగు గదుల ఇంట్లో ఆయనొక్కరే. అడుగంటిన వంకాయ కూర వడ్డించి, "అడుగున రుచి ఉంటుందోయ్," అని బుకాయించారు. తిన్నాక గరాజ్‌లోకి తీసుకెళ్ళారు. అక్కడుంది ఆయన కారు. అరవైల నాటి నల్ల కారు, ఎనిమిది సిలిండర్ల వి-ఎయిట్ ఇంజన్, దానిమీద నాలుగు నోళ్ళ కార్బ్యురేటర్. స్టార్ట్ చేస్తే గోడకి తగిలించిన స్పానర్లు గలగలలాడాయి. "శనివారం పొద్దున పదింటికి రా. దీన్ని ట్యూన్ చెయ్యాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు," అన్నారు.

అలా మొదలైంది. నా పని డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంజన్ వేగం చూపే ముల్లు రెండు వేల దగ్గర నిలిచేలా గ్యాస్ పెడల్, అంటే యాక్సిలరేటర్, తొక్కి పట్టుకోవడం. ఆయన ముందు నిలబడి, ఇంజన్ మీది మూత, హుడ్, ఎత్తి, కార్బ్యురేటర్ మరని స్క్రూడ్రైవర్‌తో పావు తిప్పు తిప్పి, చెవి ఒగ్గి వినేవారు. "కొంచెం... ఇంకొంచెం... ఆపు! ఏమిటయ్యా ఆ తొక్కుడు, కుప్ప నూర్చుతున్నావా?" ఆ తిట్లు వినడానికి వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఈ దేశంలో నన్ను చనువుగా తిట్టే మనిషి ఇంకొకరు లేరు.

హుడ్ ఎత్తితే ముందు అద్దంలోంచి ఏమీ కనపడదు. దాని కింది సందులోంచి ఆయన చొక్కా అంచు మాత్రం కనిపించేది. ఆ రేకు అడ్డం పెట్టుకుని ఆయన ఎన్ని చెప్పేవారో! ఎదురుగా కూర్చుంటే కార్ల కబుర్లే. హుడ్ వెనక నిలబడితే ఇంకో మనిషి. ఓసారి ఉన్నట్టుండి, "ఆవిడ పోయిన రోజు నేను టెస్ట్ ట్రాక్ మీద ఉన్నానోయ్. ఆస్పత్రివాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారట," అన్నారు. అంతలోనే, "ఊఁ, తొక్కు," అన్నారు. తొక్కాను. నేనూ అలాగే, గ్రీన్ కార్డ్ ఆలస్యమైనప్పుడు పడ్డ భయం, మా ఆవిడ నాతో నెల్లాళ్ళు మాట్లాడని సంగతి, అన్నీ ఆ సీట్లో కూర్చునే చెప్పుకున్నాను.

మిగతా టైమంతా పోట్లాటే. చలికాలం వస్తే కారు మొరాయించేది. చోక్ లాగి, పెడల్ కొట్టి, పెట్రోలు పొంగి, గరాజంతా కంపు. "ఇంజెక్షన్ పెట్టించండి మాస్టారూ, తాళం తిప్పితే చాలు," అనేవాణ్ణి. ఆయన ఊరుకునేవారా? "కార్బ్యురేటర్ తప్పు చేస్తే చెవికి తెలుస్తుంది. మీ డబ్బా తప్పు చేస్తే ఎవరికి తెలుస్తుందయ్యా? అది ఒప్పుకోదు, నువ్వూ ఒప్పుకోవు," అనేవారు. ఇంకోసారి, "అన్నీ దానంతట అదే చేసుకునే వస్తువు ఇంట్లో ఎందుకోయ్?" అన్నారు. మొండిఘటం అనుకున్నాను. నా బుర్రకి అంతకుమించి తట్టలేదు.

ఎనభై నాలుగులో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. స్క్రూడ్రైవర్ గాడిలో నిలిచేది కాదు. చూడలేకపోయాను. మరుసటి వేసవిలో బతిమాలి, కోప్పడి, ఇంజెక్షన్ పెట్టించడానికి ఒప్పించాను. స్పానర్ పనంతా మా ల్యాబ్ మెకానిక్ చేశాడు. నేను వైర్లు కలిపి, లెక్కలు సర్దాను. తాళం తిప్పగానే కారు పలికింది. నా ఆనందం చెప్పలేను. మాస్టారు ముందు మడ్గార్డు మీద చెయ్యి వేసి చాలాసేపు విన్నారు. "బాగుందోయ్. ఇక దీనికి మనతో పని లేదు," అన్నారు. అది మెచ్చుకోలు అనుకుని ఇంటికొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్పాను.

ఆ తర్వాత రెండు శనివారాలు వెళ్ళాను. కాఫీ తాగాం. కారు బాగానే ఉందా అని అడిగాను, బాగానే ఉందన్నారు. కప్పు ఖాళీ కాగానే లేచి వచ్చేశాను. మా పాపకి శనివారాలు స్విమ్మింగ్ మొదలైంది. వారం వారం కాస్తా నెలకోసారి అయింది, తర్వాత పండక్కో పబ్బానికో అయింది.

పోయిన అక్టోబరులో ఫోన్ చేశారు. "ఏమోయ్, ఇంజన్ మోత తేడాగా ఉంది. ఓసారి వచ్చి పెడల్ తొక్కుతావా?"

"కంప్యూటర్ ఉందిగా మాస్టారూ, అదే సర్దుకుంటుంది," అన్నాను.

"అవునవును. మర్చిపోయాను," అన్నారు. ఆయన దేన్నీ మర్చిపోయే మనిషి కాదు. ఆ క్షణాన నాకు అదీ తట్టలేదు. ఛీ, నాదీ ఒక చదువేనా!

నిన్న, ఊరినుంచి వచ్చిన అమ్మాయి ఇల్లు సర్దుతూ, "అంకుల్, కారు నడుస్తుందో లేదో చూస్తారా?" అంది. గరాజ్‌లోకి వెళ్ళి హుడ్ ఎత్తాను. నా ఇంజెక్షన్ లేదు. పాత కార్బ్యురేటర్ తిరిగి ఎక్కింది. బోల్టుల చుట్టూ స్పానర్ జారిన గీతలు, ఒకటా రెండా. ఆ వణికే చేతులతో ఎన్ని వారాలు పట్టిందో! నాకు ఫోన్ చేసేనాటికే అది అక్కడ ఉండి ఉంటుంది.

చోక్ లాగితే రెండోసారికి స్టార్టయింది. మోత ఎగుడుదిగుడుగా ఉంది. ముందుకొచ్చి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను గానీ, పెడల్ తొక్కేదెవరు? అమ్మాయి లోపల ఎయిర్‌లైన్స్‌తో ఫోన్లో ఉంది. ఎటూ తోచక ఒంగి చూస్తుంటే, కార్బ్యురేటర్ పక్కన, పెడల్ తొక్కితే కదిలే చిన్న మీటకి నా వేలు తగిలింది. ఇంజన్ మోత ఒక్కసారి లేచింది. మళ్ళీ లాగాను. ఒక్క వేలితో పట్టుకుంటే చాలు, మోత నిలిచింది, నేను ఏళ్ళ తరబడి కాలితో పట్టుకున్న మోతే. రెండో చేతిలో స్క్రూడ్రైవర్ ఉండనే ఉంది. ఒక్కడు చేసుకోగల పని.

జీవితమంతా కార్బ్యురేటర్లతో గడిపిన మనిషికి ఆ మీట సంగతి తెలియకుండా ఉంటుందా?

హుడ్ కింది సందులోంచి లోపలికి చూశాను. ఖాళీ సీటు ఇంజన్‌తో పాటు సన్నగా అదురుతోంది. వేలు కాలుతున్నా మీట వదలబుద్ధి కాలేదు.