బయటి గడియ

ఇంద్రాణిని పిరికిదని ఎవరూ అనరు. ముదిగుబ్బ దారిలో మా ఊరి మలుపు దగ్గర చిల్లర కొట్టు నడుపుతుంది. తాగొచ్చిన వాళ్లను ఒక్క కసురుతో పంపించే మనిషి. ఆ మనిషి ఇప్పుడు బస్సు ప్రయాణమంటే వణికిపోతోంది.

కిడ్నీలో రాయి ఉందనీ, నీళ్లు బాగా తాగకపోతే కిడ్నీకే ముప్పనీ అనంతపురంలో డాక్టరు చెప్పాడు. మా వైపు ఆడవాళ్లు ప్రయాణం రోజు పొద్దున్నుంచి గొంతు తడుపుకోరు. దారిలో ఒంటికి వెళ్లడానికి చోటుండదు మరి. డాక్టరు మాటకు భయపడి ఇంద్రాణి, మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజున, చెంబెడు నీళ్లు తాగి బయల్దేరింది.

బస్సు ఎంతకీ రాలేదు. బస్టాపు వెనక మరుగుదొడ్డి ఉంది. ఎండకు గొర్రెలు దూరుతున్నాయని తలుపుకు బయట గడియ పెట్టించిన మహానుభావులకు, లోపలికి మనుషులు కూడా వెళతారన్న సంగతి తట్టలేదు. లోపలి వైపు గడియే లేదు. అందుకని ఆడవాళ్లు చెప్పులు బయట విడిచి వెళతారు. అవి కనబడితే లోపల మనిషి ఉన్నట్టు. ఆ రోజు నేలంతా సీసాపెంకులు. ఇంద్రాణి చెప్పులతోనే వెళ్లింది.

మందను తోలుకుపోతున్న పాపన్నకు బయట చెప్పులు కనబడలేదు. గడియ వేసి పోయాడు. ఊళ్లో ఎవరైనా అదే చేస్తారు.

ఇంద్రాణి తలుపు తోసింది. కదల్లేదు. "ఎవరప్పా ఆడ? తలుపు తీయండి" అని అరిచింది. రేకుల కింద ఉడుకుకు ఊపిరాడలేదు. బస్సు వచ్చి వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. ఇక రోడ్డు మీద ఎవరూ ఉండరు. ఆ గోడ వెనక సీసాలతో చేరే మగవాళ్లు అప్పుడు గుర్తొచ్చారు. అంతే, అరవడం మానేసింది. తలుపు తీసేవాడు ఎవడో ఏమో. అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

వచ్చింది పాపన్నే, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ. "నేనే వేసినానమ్మా. చెప్పుల్లేవు కదా, ఎవరూ లేరనుకుంటి" అన్నాడు. రెండు చెంపలూ వేసుకున్నాడు.

పంచాయతీలో ఆమె అడిగింది లోపలికో గడియ. వాళ్లు, ఇంకెవరూ ఇరుక్కోకూడదని, తలుపుకు తాళమే వేసేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పరు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నిన్న ఆస్పత్రికి తోడు వెళ్లాను. రాయి పెరిగిందట. "నీళ్లు తాగుతున్నారా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"తాగుతాండా సార్" అంది ఇంద్రాణి, ఎండిన నాలుకతో పగిలిన పెదాలు తడుపుకోబోతూ.