షంషాదక్క ఇంగ్లీషులో అడిగేది

మొన్న అమ్మ మోకాళ్లకి రాద్దామని ఆముదం వెచ్చబెట్టాను. గిన్నెలోంచి ఆ జిడ్డు వాసన లేచేసరికి నా చేతులు వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకోవడం మొదలుపెట్టాయి. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో కాయ కొట్టిన రోజుల అలవాటది. జీడిగింజ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చి నల్లగా చేసేస్తుంది. అందుకని కాయ కొట్టే షెడ్డులో ఆడవాళ్లందరం పొద్దున్నే చేతులకి ఆముదం పట్టించి మరీ కూర్చునేవాళ్లం. ఆ వాసన తగిలితే నాకు షంషాదక్క గుర్తుకు రావాల్సిందే. ఆవిడ పోయి రెండేళ్లయింది. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు కాబట్టి నేనే చెబుతాను. మొదలుపెడితే ఆపనని మా ఇంట్లో నా మీద ఒక ఫిర్యాదు ఉందిలెండి, అది వేరే సంగతి.

షంషాదక్క మా గ్రేడింగు హాలుకి, అంటే ఒలిచిన పప్పుని రకాలుగా ఏరే చోటికి, సూపర్‌వైజరు. ఇంటరు దాకా చదువుకుంది. సరుకు చూడడానికి కేరళ నుంచి వచ్చే ఏజెంటుకి తెలుగు రాదు, ఆయనతో మాట్లాడీ మాట్లాడీ ఇంగ్లీషు పట్టేసింది. ఆయన నోట విన్నవాటిలో ఆవిడ ఏరుకున్నవి ఒక్క రకం మాటలే, ఎదుటి మనిషికి అవకాశం ఇస్తూ అనేవి. ‘వుడ్ యూ లైక్ టు ట్రై?’ అంటే చేసి చూస్తావా అని. ‘వై డోంట్ యూ హావ్ ఎ గో?’ అంటే నువ్వూ ఒక చెయ్యి వెయ్యరాదూ అని. ‘ఇట్స్ యువర్స్ ఇఫ్ యూ వాంట్ ఇట్’ అంటే కావాలంటే ఈ పని నీదే అని. ఎవరికైనా కొత్త పని అప్పజెప్పాలంటే ఆవిడ ఇంగ్లీషులోనే అడిగేది. ఏడో తరగతితో బడి మానేసిన నేను ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను, మాకెందుకక్కా ఈ ఇంగ్లీషు అని.

“తెలుగులో అడిగితే ఏమంటారే మీరు? మా అత్తనడగాలి, మా ఆయన్నడగాలి, మా మరిది ఏమంటాడో! అదే ఇంగ్లీషులో అడిగామనుకో, పకపకా నవ్వేసి ‘యెస్’ అంటారు. యెస్ అన్నాక ఇంకెవర్ని అడుగుతారు?” అంది.

నిజమే. ఆ నవ్వులోనే మాలో ఎంతమంది ఒప్పేసుకున్నామో! మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు ఆ మాటలు మా చేత పలికించేది. నా పక్కన కాయ కొట్టే నరసమ్మ పిన్నికి నేను గిన్నె చూపించి, “పిన్నీ, వుడ్ యూ లైక్ టు ట్రై మై వంకాయ?” అన్నాను.

“ముందు దాన్లో ఉప్పుందో లేదో చెప్పవే.”

“ఇంగ్లీషులో చెప్పు పిన్నీ!” అని అరిచింది షంషాదక్క.

“నో ఉప్పు, నో ట్రై!” అంది పిన్ని. ఆ రోజు మా నవ్వులకి ఆఫీసు గదిలోంచి ఓనరు తొంగిచూశాడు.

నా మనసంతా గ్రేడింగు బల్ల మీదే ఉండేది. షెడ్డులో పొగ, మంట, నల్లటి వేళ్లు. హాల్లో ఫ్యాన్లు, ఎత్తైన బల్లలు, వాటి మీద మల్లెమొగ్గల్లా తెల్లటి పప్పు. చచ్చేదాకా కాయ కొడుతూ కూర్చోకూడదు, ఎలాగైనా ఆ బల్ల దగ్గరికి చేరాలి అనుకునేదాన్ని. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, బయటికి పోయినప్పుడల్లా హాలు కిటికీ దగ్గర ఆగేదాన్ని. ఒకరోజు షంషాదక్క షెడ్డులోకి వచ్చి నా ముందు నిలబడింది.

“మణీ, గ్రేడింగు బల్ల. వై డోంట్ యూ హావ్ ఎ గో?”

నేను ‘యెస్’ అనేలోపే నరసమ్మ పిన్ని అందుకుంది. “ఆ చేతుల్తోనా? తెల్ల పప్పు ముట్టుకుంటే మచ్చ పడుద్ది. ఓనరు తంతాడు.”

“తెల్లబడేదాకా బల్ల దగ్గర చోటు ఉంచుతాలే పిన్నీ,” అంది షంషాదక్క.

అన్నట్టే ఉంచింది. నెల రోజులు నాకు కాయ కొట్టే పని తప్పించి హాలు ఊడ్చే పని ఇచ్చింది. ఇంట్లో నిమ్మచెక్కలతో, సబ్బుతో తోలు ఊడేలా రుద్దుకున్నాను. చేతులు తేటపడ్డాక బల్ల దగ్గరికి చేరాను. ఏడాది తిరిగేసరికి గుండు పప్పు, బద్ద, ముక్క, ఏది ఏ గంపలో పడాలో చూడకుండానే వేళ్లకి తెలిసిపోయేది.

అప్పుడు జరిగింది నా నిర్వాకం. ఏజెంటు వస్తున్నాడు, శాంపిలు డబ్బా నింపాలి. “ఇట్స్ యువర్స్ ఇఫ్ యూ వాంట్ ఇట్,” అని డబ్బా నా చేతికిచ్చింది షంషాదక్క. నేను పొంగిపోయాను. మాది మిరప పండించే ఇల్లు. మిర్చి యార్డుకి అమ్మకానికి పోయే బస్తా మూతి దగ్గర మంచి కాయ సర్దడం మా అమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాను, అది తప్పని ఎవరూ చెప్పలేదు. అదే పని ఇక్కడా చేశాను. మామూలు పప్పు పోసి, పైన రెండు పొరలు లావుపాటివి, తెల్లటివి ఏరి ఏరి పేర్చాను.

ఏజెంటు మూత తీసి పైపైన చూసి ఊరుకోలేదు. డబ్బాని తెల్ల కాగితం మీద బోర్లించేశాడు. పైనున్నవి అడుక్కి పోయాయి, అడుగువి పైకొచ్చాయి. ఆయన కాసేపు వేలితో కెలికాడు. రెండింటిలో మీ సరుకు ఏది అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు అర్థమైంది, అదే నా ఖర్మ. సరుకంతా వెనక్కి పోయేలా ఉంది. ఓనరు ముఖం కందిపోయింది.

“ఎవరు నింపింది? రేపట్నుంచి దాన్ని షెడ్డుకి తోలెయ్!”

షంషాదక్క నావైపు తిరిగింది. “ఎందుకు చేశావే?”

“మిరపకాయలు అట్లాగే పెడతాం కదక్కా...”

“బస్తా కొనేవాడు చెయ్యి లోపలికంటా పెట్టి చూసుకుంటాడే. మన డబ్బా సీలేసి ఎక్కడికో పోద్ది. అక్కడ తెరిచేవాడికి మన ముఖం తెలీదు. పైన పెట్టిందే మన మాట, అడుగునా అదే ఉండాలి.”

అంతే, ఇంకొక్క తిట్టు లేదు. ఏజెంటు దగ్గరికి నడిచింది. “సర్, కెన్ షీ హావ్ అనదర్ గో? హియర్, ఇన్ ఫ్రంట్ ఆఫ్ యూ.” ఇంకో అవకాశం ఇవ్వండి, మీ ఎదుటే చేస్తుంది అని.

అప్పటిదాకా ఆవిడ ఇవ్వడమే చూశాను. నా కోసం, ఓనరు కళ్లెర్రజేస్తుండగా, ఒకరిని అడగడం అప్పుడే చూశాను. గొంతు తగ్గించలేదు. ఏజెంటు వాచీ చూసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సరుకు గంపని అడుగు నుంచి కలిపాను. కళ్లు పక్కకి తిప్పుకుని దోసిలితో తీసి డబ్బాలో పోశాను. ఒక విరిగిన ముక్క అన్నిటికంటే పైన పడింది. తీసెయ్యమని వేళ్లు లాగాయి. తియ్యలేదు. ఏజెంటు మళ్లీ బోర్లించాడు, ముక్కలు లెక్కపెట్టాడు, తలూపాడు. సరుకు లారీ ఎక్కింది. నేను బల్ల దగ్గరే ఉండిపోయాను.

ఇప్పుడు ఆ హాలు నేను చూసుకుంటున్నాను. ‘హావ్ ఎ గో’ అనడం నాకు తేలిగ్గానే వచ్చింది. దానివల్ల మనకి పోయేదేముంది? ఒకసారి పాడుచేసిన మనిషి పక్కన నిలబడి, పైవాళ్లని అడగడమే నాకు కష్టంగా ఉండేది. పోయిన వారం కొత్తగా చేరిన కోటేశ్వరి రెండు రకాల పప్పు కలిపేసి డబ్బాలు సీలేయించింది. దాన్ని మానిపించెయ్ అన్నాడు ఓనరు. నా ఎదుట, నా బల్ల మీద, ఇంకోసారి చేయించి చూద్దామని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. నిన్న మళ్లీ అడిగాను, విననట్టు ఫోను తీశాడు. కోటేశ్వరిని ఇంటికి మాత్రం పంపలేదు, హాలు ఊడవమన్నాను. రేపు పొద్దున ఆయన కారు దిగేటప్పటికి గేటు దగ్గర ఉంటాను.