సున్నాలోంచి ఒకటి తీసిన రోజు

కంప్యూటర్‌కు అర్థమయ్యే యంత్రభాషను, పాఠాలు పోస్టులో తెప్పించుకుని నేర్చుకోవచ్చని నా చిన్నప్పుడు, వాట్‌గంజ్ రేవు క్వార్టర్లలో, పక్కింటి అక్కను చూసి తెలుసుకున్నాను. ఆవిడ తండ్రీ మా నాన్నా శ్రీకాకుళం నుంచి వచ్చి ఒకే రేవులో పనిచేసేవారు. అక్కకు నెలకో పాఠాల పుస్తకం వచ్చేది. సాధనకు ఒక మైక్రోప్రాసెసర్ కిట్టు కూడా ఉండేది: అంకెల మీటలు, ఎర్రటి అంకెలు వెలిగే చిన్న తెర. గడువు లేదు, అడిగేవారు లేరు. ఎవరి వేగం వారిది.

నాకు పన్నెండేళ్లు. అక్క చదివేసిన ఆరు పుస్తకాలూ తెచ్చుకుని, నెల తిరక్కుండా పూర్తిచేశానని చెప్పాను. ఎలా పూర్తిచేశానో చెప్పలేదు. అభ్యాసాల జవాబులు చివరి పేజీల్లో ఉండేవి. ముందు అవి చూసి, తర్వాత ప్రశ్న చదివి, అర్థమైందనుకునేదాన్ని. పూజా సెలవులకు అక్క పదిహేను రోజులు ఊరు వెళుతోందని తెలిసి, అన్నాళ్లూ కిట్టు నా దగ్గర ఉంచమని అడిగాను.

ఆవిడ కాదనలేదు. ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించి, తెరకు అట్ట అడ్డం పెట్టి, చివరికి ‘ఎ’ గడిలో ఏముంటుందో ముందే రాయమంది. ఎ, బి అనేవి యంత్రం అంకెలు దాచుకునే గళ్లు; రెండింటిలోనూ మొదట సున్నాయే. ఎ కి ఒకటి కలపాలి, బి లోంచి ఒకటి తీయాలి, బి సున్నా కాకపోతే మళ్లీ మొదటికి వెళ్లాలి. నేను సున్నా అని రాశాను. అక్క ప్రోగ్రామ్ నడిపి అట్ట తీస్తే సున్నాయే వెలుగుతోంది. కిట్టు నాదే అనుకున్నాను.

“ఎన్నిసార్లు తిరిగిందే గుంటా?” అంది అక్క.

“ఒక్కసారీ తిరగనేదక్కా. బి సున్నాయే కదేటి.”

“బేగి చెప్పకు. కాగితం మీద ఒక్కో లైనూ రాసి చూడు.”

రాశాను. ఎ ఒకటయింది. ఆ గడిలో పట్టేది సున్నా నుంచి రెండువందల యాభై అయిదు వరకే. సున్నాలోంచి ఒకటి తీస్తే, వెనక్కి తిప్పిన మీటరులా, బి ఆ చివరి అంకెకు చేరుతుంది. అది సున్నా కాదు గనుక మళ్లీ మొదటికి. నాలుగు వరుసలకే నా పెన్సిలు ఆగింది. యంత్రం రెండువందల యాభై ఆరుసార్లు తిరిగింది. ఎ కూడా అన్నిసార్లూ పెరిగి, గడి నిండి, మళ్లీ సున్నాకే వచ్చింది. నా జవాబు సరైనదే. నేను చెప్పిన కారణం మాత్రం పూర్తిగా తప్పు.

అప్పుడు చివరి పేజీల సంగతి ఒప్పుకున్నాను. అక్క కోప్పడలేదు. ఇదే లెక్కలో తానూ మోసపోయానని, రెండు పుస్తకాలు దాటాక గానీ తెలియలేదని చెప్పింది. “జవాబు కలిసింది కదా. అందుకే ఈ తప్పు నీకెప్పటికీ దొరికీది కాదు,” అంది.

కిట్టు బీరువాలోకి వెళ్లింది. జవాబుల పేజీలు బ్లేడుతో కోసి తన దగ్గరే ఉంచుకుని, మొదటి పుస్తకం నా చేతిలో పెట్టింది. ఆ పదిహేను రోజులూ కాగితమే నా యంత్రం. అక్క ఊరి నుంచి తిరిగొచ్చాక ఆ కాగితాలన్నీ చదివి, మర్నాటి నుంచి కిట్టు ముందు కూర్చోనిచ్చింది.

తర్వాత నా ఉద్యోగమంతా యంత్రభాషతోనే గడిచింది. ఇప్పుడు అదే నగరంలో, భవానీపూర్ ఇంట్లో, ఒక కొత్త ప్రాసెసర్ పాఠాలను ఆన్‌లైన్‌లో నా వీలును బట్టి చదువుకుంటున్నాను. ప్రోగ్రామ్ నడిపే ముందు ఏం వస్తుందో, ఎందుకు వస్తుందో రెండూ రాస్తాను. జవాబు తప్పితే బెంగ లేదు. ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది. జవాబు కలిసి, కారణం కలవని రోజున మాత్రం తర్వాతి పాఠం తెరవను.