ఖాళీ గడుల్లో పిల్లలు

ఆ ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె ఇంకోసారమ్మ. ఏ లెక్క చేతికిచ్చినా "ఇంకోసారి చూసి ఇస్తానండీ" అంటుంది కనుక ఆ పేరు పడింది. పెట్టినవాళ్ళు ఎగతాళికే పెట్టారు. ఆమె ఆ పేరుకు నొచ్చుకోనూ లేదు, ఆ అలవాటు మాననూ లేదు. ఇంట్లోనూ అంతే. తలుపుకు తాళం వేసి, మెట్లు దిగి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసి మళ్ళీ దిగుతుంది. "మా కోడలు తాళం వేస్తే ఆ తాళానికే అనుమానం వస్తుంది, తను పడిందా లేదా అని," అంటూ అత్తగారు పక్కింటివాళ్ళను నవ్వించేది.

ఆమె గది రెండో అంతస్తులో మెట్ల పక్కన ఉంది. గది అనడం మర్యాద కోసమే. ఒక బల్ల, రెండు కంప్యూటరు తెరలు, ఒక కాలు కింద అట్టముక్క పెట్టిన కుర్చీ పట్టాక మిగిలిన చోటులో మనిషి పక్కకు తిరిగి నడవాలి. కిటికీ తీస్తే నీళ్ళ పైపులు కనిపిస్తాయి. ఆ గదిలో కూర్చునే ఆమె కొన్ని వేల మంది పసిపిల్లల చెవుల సంగతి చూసుకునేది.

అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఇంటికి పంపేలోపు వినికిడి పరీక్ష చేస్తారు. చెవిలో మెత్తటి గొట్టం పెట్టి సన్నటి శబ్దం పంపిస్తే, చెవి దానికి ఎంత బదులిచ్చిందో మిషను ఒక అంకెలో చెబుతుంది. అంకె తక్కువగా ఉంటే ఆ బిడ్డను మూడు నెలలు నిండగానే మళ్ళీ పిలిపిస్తారు. చెవుల డాక్టరమ్మ కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ ఒకే పాఠం చెప్పేది: వినపడని బిడ్డను ఆరు నెలల్లోపు పట్టుకుంటే మాటలు తేలిగ్గా వస్తాయి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ బిడ్డ పని కష్టమవుతుంది.

ఈ వివరాలన్నీ ఏళ్ళ తరబడి ఒక గణాంకాల సాఫ్ట్‌వేరు ఫైలులో ఉండేవి. ఆ ఫైలు ఆ కంపెనీ ప్రోగ్రాంలో తప్ప మరెక్కడా సరిగ్గా తెరుచుకోదు. ప్రోగ్రాంకు ఏటేటా అద్దె కట్టాలి. మన పిల్లల వివరాలు మనం చూసుకోవడానికి ఎవరినో తలుపు తీయమని అడగడమేమిటని మేనేజరుకు ఎప్పటినుంచో గుర్రుగా ఉండేది. ఆయన కోపంలో న్యాయముంది. అంతా డేటాబేసులోకి మార్చమని, నెలాఖరుకు పాత ప్రోగ్రాం గడువు ముగిసిపోతుందని ఆమెకు చెప్పాడు.

ఆమె మార్చింది. తల్లులకొక పట్టిక, బిడ్డలకొక పట్టిక, పరీక్షలకొక పట్టిక కట్టి, ఏ పరీక్ష ఏ బిడ్డదో, ఏ బిడ్డ ఏ తల్లిదో తప్పిపోకుండా ముడి వేసింది. పాత ఫైలు తేదీలను ఎప్పటిదో ఒక రోజు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన అంకెలుగా దాచుకుంటుంది. వాటిని మామూలు తేదీలుగా మార్చింది. ఒకే తల్లి రెండు ఫోన్ నంబర్లతో ఇద్దరుగా నమోదైన చోట్ల పాత కాగితాలు వెతికి ఒక్కరిని చేసింది. వరసలు సరిపోయాయి, మొత్తాలు సరిపోయాయి, సగటులు సరిపోయాయి. ఖాళీ గడులు ఎన్ని ఉన్నాయో కూడా సరిచూసింది. మేనేజరు తన గదిలో నలుగురి ముందూ మెచ్చుకున్నాడు. ఏరు దాటాక ఇక తెప్ప తగలేయడమే మిగిలిందని, పాత ప్రోగ్రాంకు రోజులు దగ్గర పడ్డాయని నవ్వాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె టీ కోసం కిందికి దిగింది. చెవుల విభాగం ముందు రెండు పొడవాటి బెంచీలుంటాయి. రెండో పరీక్షకు పిలిచిన తల్లులు, పాలసీసాల సంచులు, చంటిపిల్లలతో అక్కడ ఎప్పుడూ సందడే. ఆ రోజు బెంచీల మీద ఇద్దరే ఉన్నారు. పెద్ద నర్సు గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"నీ చెయ్యి మంచిదమ్మాయ్," అంది నర్సు. "నువ్వు కొత్తది పెట్టావో లేదో, రెండోసారి రావాల్సిన పిల్లలే తగ్గిపోయారు. ఉద్యోగంలో చేరాక ఇంత తీరుబడి ఎప్పుడూ ఎరగను."

ఎవరైనా ఆ మాటకు మురిసిపోతారు. ఆమె టీ గ్లాసు పట్టుకుని బెంచీల వంకే చూస్తూ నిలబడింది.

"అక్కా, పిల్లలు పరీక్షలో ఏడవడం మానేశారా?"

"మానేయడమా? పొద్దున ఒకడు ఏడ్చిన ఏడుపుకు నా చెవులకే పరీక్ష చేయించుకోవాలి."

"మరి ఏడ్చిన పిల్లల తల్లులేరీ?"

నర్సు చాపిన కాళ్ళు దగ్గరకు తీసుకుంది. బిడ్డ ఏడిస్తే పరీక్ష మధ్యలోనే ఆపేస్తారు. అంకె రాదు. వాళ్ళను తప్పకుండా మళ్ళీ పిలవాలి. నెలనెలా ఆ బెంచీలు నింపేది ముఖ్యంగా వాళ్ళే. ఆమె టీ అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

పాత ఫైలులో ఖాళీలన్నీ ఒకటి కాదు. అంకె లేని గడిలో చుక్క, పక్కన ఒక అక్షరం ఉండేవి. ఏడ్చి ఆగిపోయిన పరీక్షకు ఒక అక్షరం, మిషను చెడిపోయిన రోజుకు ఒకటి, పరీక్షకు ముందే ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళకు ఒకటి. కొత్త పట్టికలో ఆ గడి అంకెలు తప్ప ఏమీ తీసుకోదు. అక్షరాలన్నీ దారిలోనే రాలిపోయి ఉత్త ఖాళీలుగా దిగాయి. పాత ప్రింటుల్లో కూడా ఆ గుర్తులు ఖాళీగానే అచ్చయ్యేవి. చూసి చూసి ఆమె కంటికి అది అలవాటైపోయింది. ఖాళీలు ఎన్ని ఉన్నాయో చూసింది గానీ ఎలాంటివో చూడలేదు. పిలవవలసినవాళ్ళ జాబితా తీయడానికి కంప్యూటరు ఆ అక్షరాలను వెతికి, ఒక్కటీ కనపడక, ఊరుకుంటోంది. కొత్తగా పుట్టిన పిల్లలదీ అదే గతి.

వినపడే పిల్లలకు ఏమీ కాదు. వాళ్ళ మధ్య వినపడని బిడ్డ ఒక్కటి ఉంటే, పిలుపు రాలేదు గనక అంతా బాగానే ఉందనుకుని, ఆ ఇంటివాళ్ళు మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఆ సాయంత్రం అన్నం కలుపుకుని ముద్ద ఎత్తలేదు. అత్తగారు విషయం అడిగి, చివరిదాకా వింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?" అని మెల్లగా అడిగింది.

"తెలియదత్తయ్యా. నెలాఖరు దాటితే అసలు తెలియదు."

"మరి చెప్పెయ్. చేసిన పాపం చెబితే పోతుందంటారు."

"ఇది చెబితే పోయేది కాదత్తయ్యా. ఆ పిల్లలందరినీ పిలిస్తేనే పోతుంది."

"అయితే ముందు అన్నం తిను. పిలవడానికి గొంతులో ఓపికుండాలిగా."

మర్నాడు మేనేజరు, డాక్టరమ్మ ఇద్దరూ ఉన్నప్పుడు వెళ్ళి, మిషను మీదకు గానీ ప్రోగ్రాం మీదకు గానీ నెట్టకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు చేయనివాళ్ళను మెచ్చుకోవడం లోకానికి అలవాటు. అలాంటివాళ్ళు నిజంగా ఉన్నారో లేదో తెలియదు. అందరూ మెచ్చుకున్న తన పనిలో తానే తప్పు వెతికి పట్టుకుని, దాన్ని రెండు చేతులా తెచ్చి బల్ల మీద పెట్టే మనిషి మాత్రం అరుదు. ధైర్యమంటే అంతకన్నా వేరే ఏముంటుంది?

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. కోప్పడలేదు. "సరే, అయిందేదో అయింది. ఖాళీ ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసేద్దాం. ఎక్కువమందే రానీ, నష్టమేముంది?"

"వద్దు సార్."

"ఎందుకని?"

"ఆ ఖాళీల్లో బిడ్డ దక్కని ఇళ్ళు కూడా ఉన్నాయి సార్. వాటికీ ఒక అక్షరముంది. ఇప్పుడు అదీ పోయింది. ఆ తల్లికి ఫోన్ చేసి బిడ్డను తీసుకురమ్మందామా?"

మేనేజరు చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశాడు. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. "నీకేం కావాలో చెప్పు," అంది తిరిగి చూడకుండానే.

ఆమెకు కావలసింది పాత ప్రోగ్రాం, అది మూతపడేలోపు మిగిలిన ఆ కాస్త వ్యవధి. మేనేజరు ఆ వారం ఆమెకు వేరే పని ఏదీ రానివ్వలేదు. ఆ మాట ఆయన పక్షాన చెప్పుకోవాలి. ఆమె పాత ఫైలు మళ్ళీ తెరిచింది. అంకెను ఒక గడిలోకి, అంకె ఎందుకు లేదో ఇంకో గడిలోకి విడదీసింది. కారణాలకు వేరే చిన్న పట్టిక కట్టి పరీక్షల పట్టికకు ముడి వేసింది. కొత్తది పెట్టాక పుట్టిన పిల్లల కారణాలను నర్సు దగ్గరున్న కాగితాల్లోంచి ఎక్కించింది. ఇక మీదట కారణం చెప్పకుండా ఎవరూ గడిని ఖాళీగా వదిలే వీలు లేకుండా చేసింది. ఈసారి ఖాళీలను రకానికి రకం పాతదాంట్లో, కొత్తదాంట్లో పక్కపక్కన పెట్టి చూసుకుంది. తర్వాత ఏం చేసి ఉంటుందో వేరే చెప్పాలా? ఇంకోసారి చూసింది.

ఆ తర్వాత నర్సూ తనూ చెరో ఫోను పట్టుకుని కూర్చున్నారు. బెంచీలు నిండాయి, నర్సు తీరుబడి తీరిపోయింది, వరండా అంతా ఏడుపులు. వచ్చిన పిల్లలు దాదాపు అందరికీ చెవులు చక్కగా ఉన్నాయి. ఒక్క ఇంటి నంబరు మాత్రం పనిచేయడం లేదు. ఆ బిడ్డకు నాలుగు నెలలు నిండిపోయాయి. మనిషిని పంపిస్తామన్నారు గానీ, ఆమె ఎవరి కోసమూ ఆగకుండా చిరునామా పట్టుకుని తానే బయల్దేరింది.

అది ఇరుకు వీధి. కింద కొట్టు, పైన ఇల్లు. పరుపులు కుట్టే ఆయన జుట్టు నిండా దూదితో బయటికి వచ్చాడు. ఫోను పోయి నంబరు మారిందట. భార్య పనికి వెళ్ళింది. చంటిపాప ఓ కొత్త పరుపు మీద పడుకుని కాళ్ళు ఆడిస్తోంది. పక్కనే పనికుర్రాడి కుట్టుమిషను పెద్ద చప్పుడుతో నడుస్తున్నా అటు తల తిప్పలేదు. ఆమె అది చూసింది. పాపను తీసుకుని ఇప్పుడే ఆసుపత్రికి రమ్మని ఆయనకు చెప్పింది.

ఆసుపత్రిలో పాపకు మొదటి పరీక్ష చేశారు, తర్వాత పెద్ద పరీక్ష చేశారు. డాక్టరమ్మ తండ్రిని వరండాలో కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. రెండు చెవులూ సరిగా వినడం లేదు. చెవులకు మిషన్లు పెట్టాలి, మాటలు నేర్పే టీచరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

ఆయన పాప వీపు నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత, "ఇన్నాళ్ళూ ఎవరూ పిలవలేదేమండీ? పిలవలేదంటే బాగున్నట్టేగా అనుకున్నాం," అన్నాడు.

"కంప్యూటర్లో ఏదో..." అని నర్సు మొదలుపెట్టింది.

"కంప్యూటరు కాదండీ, నేను," అంది ఆమె. "పాత ఫైల్లోంచి కొత్తదాంట్లోకి మార్చింది నేనే. మీ పాపను పిలవాలన్న గుర్తు నా చేతిలోనే పోయింది. ఇంకా ముందే పిలవాల్సింది."

తిడితే పడదామనే నిలబడింది. ఆయన ఆమె వంక చూశాడు, తర్వాత డాక్టరమ్మ వంక. "ఇప్పటికైనా మించిపోలేదుగా?"

"మించిపోలేదు. టైముంది."

ఆయన తల ఊపి లేచాడు. లోపల సంతకాలు పెట్టాలి, చెవి మిషన్ల కొలతలకు ఏ రోజు రావాలో అడగాలి. చేతిలో పాప ఉంది. నర్సు అప్పటికే చేతులు చాపింది. ఆయన నర్సును దాటి వచ్చి పాపను ఇంకోసారమ్మ చేతుల్లో పెట్టాడు.

"మెడ కింద చెయ్యి పెట్టండి," అని చెప్పి లోపలికి వెళ్ళాడు.

ఆమె మెడ కింద చెయ్యి పెట్టింది. సరిగ్గా పెట్టానా అని చూసుకోబోయింది గానీ కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనపడలేదు.