గుర్రం గెలిచింది, తాళాలు పోయాయి

ఎయిర్‌పోర్టు దగ్గర మేం క్యాబులు ఆపుకొనే మైదానంలో ఒక పొద్దున ఆటల పోటీ పెట్టారు. గుండె ఆగిన మనిషిని ఛాతీ నొక్కి ఎలా బతికించాలో డ్రైవర్లకు ఆటతో నేర్పుతారట. రబ్బరు బొమ్మను సరైన వేగంతో నొక్కితే తెర మీద గుర్రం పరుగెడుతుంది. గెలిచినవాడికి స్టీలు టిఫిన్ డబ్బా. చదువుకున్నవాళ్ల తెలివి చూసి నాకు ఒళ్లు మండింది.

"ముందు భుజం తట్టి పిలవండి, అంబులెన్సుకు ఫోన్ చేయమని చెప్పండి, తర్వాతే నొక్కండి సార్" అని నేర్పడానికొచ్చినాయన గొంతు చించుకున్నాడు. ఎవడు వింటాడు? గడ్డాలు నెరిసిన మగాళ్లు డబ్బా కోసం నేరుగా బొమ్మ మీద పడ్డారు. ఇంత చులకన చేసిన నేనూ పడ్డాను. గెలిచింది కూడా నేనే.

మైదానం ఊడ్చే అక్క మాత్రం బొమ్మ భుజం తట్టి, "ఓ అన్నా, లే" అని పిలిచింది. మా వైపు తిరిగి "ఫోన్ జెయ్యుండ్రి" అంది. ఈలోగా గుర్రం వెనకబడింది.

"అక్కా, బొమ్మకు చాయ్ గూడ తాపుతవా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

నెల తిరక్కుండానే, నాకు స్టీరింగ్ పట్టడం నేర్పిన రావిర్యాల పెద్దాయన మిట్టమధ్యాహ్నం చాయ్ కొట్టు ముందు కుప్పకూలాడు. ఊపిరి లేదు. మా మంద చుట్టూ మూగింది. ఒకడు నీళ్లు చల్లాడు, ఒకడు వీడియో తీశాడు. ఎవడో "ఫిట్స్, చేతుల ఇనుము వెట్టుండ్రి" అని అరిచాడు. గుర్రాన్ని గెలిపించిన మొనగాణ్ణి నేనే కదా, నా కారు తాళాలు తీసి ఆయన గుప్పిట్లో పెట్టి మూశాను.

"తాళాలేంది, జరుగుండ్రి!"

అక్క చీపురు పారేసి వచ్చింది. భుజం తట్టి పిలిచింది. నా వైపు వేలు చూపి "నువ్వు ఫోన్ జెయ్" అంది. అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉంది. ఆయనతో పాటు నా తాళాలూ అంబులెన్సులో పోయాయి. అడగడానికి నాకు ముఖం లేదు. ఇంట్లో ఉన్న రెండో తాళంతో బండి నడుపుకున్నాను.

చాలా రోజులకు పెద్దాయన మెల్లగా నడుచుకుంటూ మైదానానికి వచ్చాడు. నేను ఆ టిఫిన్ డబ్బాలోనే అన్నం తింటున్నాను. తాళాలు నా ముందు పెట్టాడు.

"గివి నీయే గద తమ్మీ? దవాఖానల నా సామాన్లతోని ఇచ్చిన్రు. నా దగ్గరికెట్ల వచ్చినయ్?"