ఎత్తు వస్తే ఆగిపోయే ఏసీ

మా ఆయన ఆ పాత కారు కొని తెచ్చిన ఆదివారం, చర్చి నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చిన నా తమ్ముళ్లిద్దరినీ ఎండలో నిలబెట్టి బానెట్ తెరిచి చూపించాడు. "ఇంజన్ చూడండప్పా, ఎద్దు మాదిరి లాగుతాది" అని ఒకటే గొప్పలు. కొనేముందు తెలిసినవాళ్లకు చూపించమని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "నాకు తెలీదా ఏమి" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ వింటున్న మాటే అది.

నెల తిరక్కుండానే ఆ ఎద్దు పొద్దున పూట మొరాయించడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. కడప శివార్లలో ఆయనకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకుపోతుంటే నేనూ వెళ్లాను. మెకానిక్ ప్లగ్గులు విప్పి, ఆ బెజ్జంలో ఒత్తిడి చూసే గుండ్రటి మీటరు బిగించి ఇంజన్ తిప్పించాడు. తర్వాత అందులో కాస్త ఆయిల్ పోసి మళ్లీ తిప్పించాడు. ఈసారి ముల్లు బాగా పైకి లేచింది. ఎందుకు లేచిందని అడిగితే అతను చెప్పబోయాడు. మా ఆయన అడ్డొచ్చాడు. "ఎండలో నీకెందుకే ఇదంతా, ఆటో ఎక్కి ఇంటికి పో" అన్నాడు. నా మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో అనుకుంటూ ఆటో ఎక్కాను.

సాయంత్రం వచ్చి ఇంజన్‌కు ఏం కాలేదన్నాడు. ఆ రోజు నుంచి ఏసీ చెడింది.

అదేం చెడడమో నాకు అర్థం కాలేదు. సాపు రోడ్డు మీద చల్లగా గాలి కొట్టేది. కాస్త ఎత్తు వచ్చిందా, ముందున్న లారీని దాటాలా, వెంటనే పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడి. "గ్యాసు లీకయితాండాది" అనేవాడు. పోయి నింపించుకొచ్చానని చెప్పేవాడు. మళ్లీ అదే కథ. ఒకరోజు పట్టుబట్టి నేనూ షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ పైపుల మీద సబ్బు నురగ పూసి చూశాడు. ఒక్క బుడగా రాలేదు. "లీకేమీ కనపడలేదమ్మా" అని నా వైపు కాకుండా మా ఆయన వైపు చూశాడు. ఇద్దరూ కలిసి దగ్గారు. నాకు ఒళ్లు మండింది గానీ ఏమని అడగాలో తెలియలేదు.

ఇదంతా నేను భరించేదాన్నే. కానీ మే నెలలో, వేంపల్లె దగ్గర పల్లెలో, మా చెల్లెలి కూతురి పెళ్లి వచ్చింది. నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. ఆ పిల్ల చిన్నప్పుడు సెలవుల్లో నా దగ్గరుండి గుడ్లు గిలక్కొట్టేది. మా చెల్లెలు భర్త పోయాక కూలికి పోయి దాన్ని చదివించింది. "పెద్దమ్మా, నాకేం పెట్టొద్దు. కేకు మాత్రం నీ చేత్తోనే, తెల్లగా మూడంతస్తులు" అంది పిల్ల. ఆ ఇంటి తరఫున పదిమందిలో చూపించుకోవడానికి అదొక్కటే ఉంది. వెన్న క్రీము మే ఎండకు ఎంతసేపు నిలబడుతుంది? ఏసీ సంగతి తేల్చమని మా ఆయన్ను వారం రోజులు పీక్కుతిన్నాను. "తేలిపోయినాది, నిశ్చింతగా ఉండు" అన్నాడు.

పెళ్లినాడు డిక్కీలో వంటకు బియ్యం మూటలు, ముందు కోటు తొడుక్కున్న మా ఆయన, వెనక సీట్లో కేకు పెట్టెలు, వాటిని పట్టుకుని నేను. ఊరు దాటేదాకా చల్లగానే ఉంది. మొదటి ఎత్తు వచ్చింది. ఆయన ఎడమచెయ్యి గేరు వదిలి డాష్‌బోర్డు కిందికి పోయింది. టక్కుమని చిన్న చప్పుడు. గాలి వేడెక్కింది. ఎత్తు దిగగానే మళ్లీ చెయ్యి, మళ్లీ చప్పుడు, మళ్లీ చల్లగాలి.

రెండో ఎత్తుకు ముందుకు వంగి చూశాను. అక్కడొక స్విచ్చి.

"బండి ఆపు" అన్నాను.

ఆపాడు. పెట్టె మూత తీస్తే క్రీము పువ్వుల అంచులు అప్పటికే జారుతున్నాయి.

"ఇంజన్ లోపల రింగులు అరిగిపోయినాయంట, ఆ పొద్దు ఆయిల్ పోస్తే ముల్లు లేసింది అందుకేనంట" అన్నాడు, తల తిప్పకుండా. "ఇంజన్ మొత్తం విప్పాలంట. ఏసీ ఏస్తే ఎత్తు లాగదు. అందుకే ఎత్తు వస్తే ఏసీ ఆపేదానికి ఆ స్విచ్చి పెట్టించినా."

"ఆ ముక్క నాకు చెప్పడానికేం?"

"ఏసీ అంటే ఎవురి బండిలోనైనా చెడతాది. ఇంజనే పోయిందంటే మీ తమ్ముళ్లు నా మొగాన నవ్వరా?"

ఎండాకాలమంతా ఈ మనిషి మర్యాద కోసం నేను ఉడికాను. పోనీ, నేను ఉడికితే ఉడికాను, ఆ పిల్ల కేకు ఏం పాపం చేసింది?

"దిగు" అన్నాను. "బియ్యం కూడా దించు."

"నడి రోడ్డు మీదనా?"

"బరువు తగ్గితే ఏసీతోనే లాగుతుంది. నాకూ లైసెన్సు ఉంది."

కోటుతోనే మూటలు దించి, వేపచెట్టు కింద వాటి మీద కూర్చున్నాడు. జాలి వేసింది. వేసినా ఆగలేదు. ఎత్తు వచ్చినప్పుడల్లా మొదటి గేరులో, వెనక నీలం పొగ వదులుకుంటూ, హారన్ కొట్టే ప్రతివాడినీ తిట్టుకుంటూ, ఏసీ ఒక్కసారి కూడా ఆపకుండా పెళ్లి జరిగే పల్లె చేరాను. జారిన పువ్వులను చాకుతో సరిచేసి అంతస్తులు ఒకదాని మీద ఒకటి పేర్చాను. కేకు నిలబడింది.

చర్చిలో పెళ్లి అయిపోయి షామియానా కింద పిల్ల కేకు కోస్తుండగా లగేజీ ఆటోలో మూటల మీద కూర్చుని మా ఆయన వచ్చాడు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. పెళ్లికొడుకు నోట్లో ముక్క పెట్టాక, "పెద్దనాయనా, నువ్వు రా" అని పిల్ల ఆయన్నే పిలిచింది.

మా పెద్ద తమ్ముడు ఆయన్ను ఎగాదిగా చూసి, "ఏం బావా, మళ్లీ ఏసీ చెడిందా?" అన్నాడు.

మా ఆయన నన్ను చూశాడు. అప్పటికే పిల్ల తినిపించిన ముక్కను నిదానంగా మింగాడు.

"ఏసీకి ఏం కాలేదప్పా" అన్నాడు. "ఇంజనే పోయింది. నేను చూసుకోకుండా కొన్న్యా."

ఎవరూ నవ్వలేదు. నేను ఇంకో ముక్క కోసి ఆయన చేతిలో పెట్టాను.